ముప్పై ఎనిమిది ఖాళీ ఫోటోలు

మా అత్త నాకు తన పాత కెమెరా ఇచ్చిన రోజు అందులో రీలు లేదు.

"నెల రోజులు ఇలాగే తియ్యి" అంది.

"రీలు లేకుండా ఫోటో ఎలా వస్తుంది అత్తా?"

"రాదు. అందుకే ఇలా తియ్యమంటున్నా. వంట రాని పిల్ల చేతికి ముందు ఖాళీ గిన్నె ఇవ్వాలి. మాడితే గిన్నె మాడుతుంది, కూర మాడదు."

మా నాన్న పక్కనుంచి నవ్వాడు. "ఆ సూత్రం నీకెవరూ చెప్పలేదేం అక్కా? నువ్వు వండిన కూరలన్నీ మాకు గుర్తే."

"నోరు మూసుకోరా" అని మా అత్త కెమెరా పట్టీ నా మెడలో వేసింది. నా తల కాస్త ముందుకు వంగింది. అంత బరువుంటుందని అనుకోలేదు. తోలు తొడుగు గుండీ ఊడిపోతే దాని బదులు బూటు లేసు కట్టి ఉంది. నల్ల రంగు అంచుల దగ్గర అరిగిపోయి లోపలి ఇత్తడి కనిపిస్తోంది. వెనక కుడివైపు, బొటనవేలు ఆనే చోట, చిన్న నునుపైన గుంట. ఇరవై ఏళ్ళు మా అత్త వేలు ఆని పడిన గుంట అది. నా వేలు అందులో సరిగ్గా పట్టింది.

మా అత్త మా నాన్నకి పెద్దక్క. మా ఊరి నుంచి బస్సులో అరగంట దూరంలో ఉన్న టౌనులో, చెప్పుల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న గదిలో ఫోటో స్టూడియో నడుపుతుంది. ముందు గదిలో ఒక స్టూలు, రెండు పెద్ద దీపాలు, గోడకి బూడిద రంగు తెర. వెనక చీకటి గది. పదహారేళ్ళప్పుడు అక్కడ ప్రింట్లు కడిగే పనికి కుదిరిందట. యజమానికి చూపు మందగించి కొట్టు మూసేద్దామనుకుంటే, "మీరు కూర్చోండి, నేను తీస్తాను" అని కెమెరా అందుకుందట. అందుకున్నది మళ్ళీ దింపలేదు.

మా అత్త ఎవరినీ నవ్వమనదు. "నవ్వమంటే పళ్ళొస్తాయి, నవ్వు రాదు" అంటుంది. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, దీపాలు సరిచేసి, కెమెరా వెనక్కి వెళ్ళి, ఏదో వెతుకుతున్నట్టు తల గోక్కుంటుంది. కూర్చున్నవాళ్ళు ఊపిరి బిగబట్టి ఉంటారు. అప్పుడు, "ఆగండి, ఇంకా సిద్ధం కాలేదు" అంటుంది. వాళ్ళ భుజాలు కిందికి దిగుతాయి. బిగించిన పెదాలు వదులవుతాయి. కొందరు పిల్లలకేసి చూస్తారు, కొందరు వాళ్ళలో వాళ్ళే ఏదో గుర్తొచ్చి మెత్తబడతారు. సరిగ్గా అప్పుడు నొక్కుతుంది.

"ఎప్పుడు తీస్తారమ్మా?" అని వాళ్ళడుగుతారు.

"తీసేశాను. దిగండి."

ఇంకా సిద్ధం కాలేదన్న ఆ ఒక్క వాక్యంతో మా అత్త ఎంతమంది ముఖాల్ని వాళ్ళకి తిరిగి ఇచ్చిందో లెక్కలేదు. సెలవుల్లో నేను ఆ గది మూల కూర్చుని అదే చూసేదాన్ని. నాకు మనుషులతో మాట్లాడటం రాదు. బడిలో మాస్టారు నా పేరు పిలిస్తే లేచి నిలబడతాను కానీ నోరు తెరుచుకోదు. మా అమ్మ నాకు నత్త అని పేరు పెట్టింది, ముట్టుకుంటే లోపలికి ముడుచుకుంటానని. ఊళ్ళో అందరికీ నేను నత్తనే.

కెమెరాతో పాటు మా అత్త ఒక లావుపాటి నోట్‌బుక్ కూడా ఇచ్చింది. అట్ట మీద తనే పెద్ద అక్షరాలతో "ఖాళీ ఫోటోలు" అని రాసింది. నొక్కిన ప్రతిసారీ అందులో రాయాలి. నంబరు, ఎవరు, చేతులేం చేస్తున్నాయి, వెలుగు ఎటునుంచి వస్తోంది, నేను ఎక్కడ నిలబడ్డాను. నేను ఎలాగూ డైరీ రాస్తాను కాబట్టి అది నాకు కష్టమనిపించలేదు.

మొదటిది ఇలా రాశాను. "ఒకటి. మా అమ్మ. బట్టలు ఆరేస్తోంది. వెలుగు పైనుంచి."

శనివారం మా అత్త అది చదివి నోట్‌బుక్ తిరిగి ఇచ్చేసింది. "దీంట్లో మీ అమ్మ లేదు. ఏ అమ్మైనా ఇలాగే ఆరేస్తుంది. మళ్ళీ తియ్యి."

మళ్ళీ తీశాను. ఈసారి చాలాసేపు చూశాను. "తొమ్మిది. మా అమ్మ నోట్లో రెండు క్లిప్పులు కరుచుకుని, ఆ క్లిప్పుల సందుల్లోంచే మా నాన్నని తిడుతోంది. కుడిచేత్తో చొక్కా దులుపుతోంది. నీళ్ళ తుంపర్లు వెలుగులో కనిపిస్తున్నాయి. వెలుగు ఆమె వెనకనుంచి. నేను తలుపు చాటున."

"ఆఁ, ఇప్పుడొచ్చింది మీ అమ్మ" అంది మా అత్త.

కళ్ళలోకి చూస్తే చెమటలు పట్టే నేను, ఆ చిన్న గాజు కిటికీ గుండా ఎవరినైనా ఎంతసేపైనా చూడగలిగాను. నెల తిరిగేసరికి నోట్‌బుక్ సగం నిండింది. రీలుని ముందుకి జరిపే లీవరు తిప్పడం, నొక్కడం, మళ్ళీ తిప్పడం నా చేతికి అలవాటైపోయింది. లీవరు నూనె రాసినట్టు తేలిగ్గా తిరిగేది. నేను కెమెరా వంక చూడకుండానే తిప్పేదాన్ని. అది చూసి నాకే ముచ్చటేసేది.

నెల పూర్తయ్యాక మా అత్త రీలు వేయడం నేర్పింది. పాడైపోయిన రీలొకటి తెచ్చి మూడుసార్లు వేయించింది. రీలు డబ్బీలోంచి బయటికి వేలాడే కొసని స్టూడియోలో నాలుక అంటారు. "ఈ నాలుకని కుడి పక్క, రీలు చుట్టుకునే ఈ కండె చీలికలో దూర్చాలి. ఒక్కసారి తిప్పి, కండె దాన్ని పట్టుకుందో లేదో చూడాలి. అప్పుడే మూత. మూత వేశాక ఎడమ పక్క ఈ బొడిపె వంక చూడు. లీవరు తిప్పినప్పుడల్లా ఇది కూడా తిరగాలి. తిరిగిందంటే లోపల రీలు కదులుతున్నట్టు. తిరగలేదంటే నువ్వు గోడకి చెబుతున్నట్టు."

నాకు మొదటి నిజమైన రీలు చేతికొచ్చింది నర్సమ్మ వల్ల.

మా ఊరి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు నర్సమ్మే ఉంది. డాక్టరు వారానికి రెండు రోజులు వస్తాడు, మిగతా అయిదు రోజులూ ఆమే డాక్టరు. నా వయసు పిల్లలందరినీ ఈ లోకంలోకి లాగింది ఆమే. ఇప్పుడు ఆమెకి చాలా దూరం బదిలీ అయింది. ఆదివారం ఉదయం పది గంటల బస్సుకి వెళ్ళిపోతుంది. అందుకని ముందు వారం స్టూడియోకి వచ్చి మా అత్తని అడిగింది.

"శనివారం ఊళ్ళో చివరిసారి ఇంటింటికీ తిరుగుతాను. మీరు వెంట ఉండి ఫోటోలు తీయాలి. కూర్చోబెట్టి తీసేవి కాదు, నేను పని చేసుకుంటూ ఉంటే తీయాలి. ఇరవై రెండేళ్ళలో నా ఫోటో ఒక్కటి లేదు. కొత్త ఊళ్ళో మంచం పక్కన గోడ ఖాళీగా ఉంటే నేను పడుకోలేను."

"శనివారం నాకు బడిపిల్లల గుర్తింపు కార్డు ఫోటోలున్నాయి, మూడు వందల మంది" అంది మా అత్త. "నా కోడలు పిల్ల వస్తుంది."

నర్సమ్మ నా వంక చూసింది. "ఈ నత్తా? నిన్ను బయటికి తీసిందాన్ని నేనే. అప్పుడు కూడా నోరు తెరవలేదు. వీపు మీద రెండు తడితే గానీ ఏడవలేదు."

"ఫోటో తీయడానికి నోరెందుకు?" అంది మా అత్త.

శనివారం పొద్దున్న నేను ఇంటి మెట్టు మీద కూర్చుని రీలు వేస్తున్నాను. నాలుకని కండె చీలికలో దూర్చాను. అంతలో గేటు దగ్గర నర్సమ్మ గొంతు వినిపించింది.

"ఏమ్మా, అయిందా? ముప్పై ఇళ్ళు తిరగాలి."

ఒక్క నిమిషం ఆగండి అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. మూత నొక్కేసి, లీవరు రెండుసార్లు తిప్పి, లేచి వెళ్ళిపోయాను. బొడిపె వంక చూడలేదు.

ఆ రోజు లాంటి రోజు నాకు మళ్ళీ వస్తుందో రాదో తెలియదు. నర్సమ్మ వెనక వీధి వీధీ తిరిగాను. ఆమె తెల్ల కోటు జేబులో థర్మామీటరు, చంకలో సంచీ. ఏ ఇంట్లోకి వెళ్ళినా ముందు మంచినీళ్ళ బిందె మీద మూత ఉందా లేదా అని చూసేది, ఆ తర్వాతే మనుషుల్ని. ప్రతి ఇంట్లో ఎవరిది ఏ కాన్పో, ఏ గదిలో ఎటు తల పెట్టి పడుకుందో చెప్పేది. ఆ ఇంటివాళ్ళు మర్చిపోయినవి కూడా ఆమెకి గుర్తున్నాయి.

తాపీ మేస్త్రి ఇంట్లో మనవడి గొంతు చూస్తుంటే వాళ్ళ మేక వెనకనుంచి వచ్చి నర్సమ్మ సంచీ పట్టీ నమలడం మొదలుపెట్టింది. ఆమె ఒక చేత్తో పిల్లాడి దవడ, ఒక చేత్తో సంచీ పట్టుకుని ఇటూ అటూ లాగుతోంది. పిల్లాడు నోరు తెరిచే నవ్వుతున్నాడు.

"దానికీ ఒక సూది వెయ్యమ్మా" అంది మేస్త్రి తల్లి.

"నీకెయ్యాల్సిన సూదే ఇంకా బాకీ ఉందమ్మా, పారిపోయావు కదా అప్పుడు" అంది నర్సమ్మ. నేను నొక్కాను. నోట్‌బుక్‌లో ఆ రోజు ఒకటి నుంచి మళ్ళీ మొదలుపెట్టిన లెక్కలో పదిహేడు.

దర్జీ ఇస్త్రీ చొక్కా వేసుకుని మిషను పక్కన కొయ్యలా నిలబడ్డాడు. "ఇలా నిలబడనా, కూర్చోనా? ఏమ్మా నత్తా, చెప్పవేం?" అని అడిగాడు. నేను కెమెరా కంటికి ఆనించుకున్నాను. వాళ్ళావిడ, "ఆ పిల్ల మొహం ఆ డబ్బా వెనక దాచుకుంది, నీ మొహం కూడా ఎక్కడో ఒకచోట దాచు, ఫోటో బాగుంటుంది" అంది. అప్పుడు అతను నవ్వి తల వంచుకున్నాడు. నర్సమ్మ అతని మెడలో టేపు లాగి సరిచేసింది. ఇరవై రెండు.

ముప్పై ఒకటో ఫోటో గురించి చెప్పాలి. ఊరి చివర ఇటుకల ఇంట్లో ఒకామె ఉంది. మూడేళ్ళ కింద కాన్పులో ఆమె బిడ్డ దక్కలేదు. నర్సమ్మ ఆ ఇంట్లో ఏ గది గురించీ చెప్పలేదు. ఇద్దరూ గడప మీద పక్కపక్కన కూర్చున్నారు. దగ్గరికి వెళ్ళకూడదనిపించి నేను వీధి అవతలే నిలబడ్డాను. కెమెరా ఎత్తాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చివరికి ఒక్కటి తీశాను.

మధ్యాహ్నానికి రీలుకి ఉండే ముప్పై ఆరు ఫోటోలూ అయిపోయాయి. కానీ లీవరు ఇంకా తిరుగుతోంది. ముప్పై ఏడు తీశాను. ముప్పై ఎనిమిది కూడా తీశాను. కొన్ని రీళ్ళలో ఒకటో అరో ఎక్కువ వస్తాయని మా అత్త చెప్పింది. నా అదృష్టం బాగుందనుకున్నాను. చెట్టు నీడలో కూర్చుని రాయాల్సినవన్నీ రాసేసి, మూడు గంటల బస్సెక్కి స్టూడియోకి వెళ్ళాను.

మా అత్త చివరి బడిపిల్లని స్టూలు మీంచి దింపుతోంది. కెమెరా అందుకుని, ఎన్ని తీశానో చూపించే అంకె చూసింది. "ముప్పై ఎనిమిదా?"

"రెండు ఎక్కువొచ్చాయి అత్తా."

"లీవరు ఎక్కడా ఆగలేదా?"

"ఆగలేదు."

మా అత్త ముఖంలో ఏదో ఆగింది. లీవరు ఒకసారి తిప్పి ఎడమ పక్క బొడిపె వంక చూసింది. నన్ను కూడా చూడమంది. అది కదల్లేదు. చీకటి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. స్టూలు ఇంకా వెచ్చగా ఉంది.

తలుపు తెరుచుకుంది. మా అత్త రీలు డబ్బీని వెలుగులో పట్టుకుంది. పొద్దున్న నేను వేసినప్పుడు ఎంత బయటికుందో నాలుక అంతే ఉంది. ఎవరినో వెక్కిరిస్తున్నట్టు వేలాడుతోంది.

"కండె పట్టుకోలేదు" అంది. "ఒక్క గడి కూడా కదల్లేదు."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత మేక, టేపు, గడప అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

"మూత వేశాక బొడిపె చూశావా?"

"చూడలేదు."

"ఎందుకు?"

"నర్సమ్మగారు గేటు దగ్గర నిలబడ్డారు."

"నిలబడితే?"

"ఆగమని అనలేకపోయాను."

తిడుతుందనుకున్నాను. మా అత్త స్టూడియోలో ఎవరైనా ప్రింటు మీద వేలిముద్ర వేస్తేనే ఊరుకోదు. కానీ ఆమె గోడకి ఆనుకుంది.

"ముప్పై ఎనిమిది సార్లు తిప్పావు. వేలికి తేడా తెలియలేదా? రీలుంటే కాస్త బరువుగా తిరుగుతుంది."

"ఎప్పటిలాగే తేలిగ్గా తిరిగింది అత్తా."

"ఎప్పటిలాగే" అని మా అత్త ఆ మాటని మళ్ళీ అంది. "అవును మరి. నెల రోజులు ఖాళీ కెమెరా ఇచ్చింది నేను. ఖాళీయే నీ వేలికి అలవాటు చేశాను. ఇన్నేళ్ళుగా ఎవరికి నేర్పినా ఇలాగే నేర్పాను, ఈ పద్ధతికి తిరుగులేదనుకున్నాను. దీనికీ ఒక కన్నం ఉందన్నమాట." బల్ల మీద పెన్ను తీసి, గోడ మీది క్యాలెండరు అంచున, చివరి రోజు రీలు వేయించి చివరిదాకా తిప్పించాలి అని రాసుకుంది. నా ఎదురుగానే రాసుకుంది. నేను ఆమెని చాలా విషయాలకి మెచ్చుకుంటాను గానీ అన్నిటికంటే ఎక్కువ దానికి.

"నర్సమ్మగారికి నువ్వు చెప్తావా అత్తా?"

"నేనెందుకు చెప్తాను? వెంట వస్తాను. చెప్పేది నువ్వు."

"నాకు మాట రాదు."

"రాసింది ఉంది కదా. అది ఇలా తే."

నోట్‌బుక్ తీసుకుని నిలబడే చదివింది. ముప్పై ఎనిమిదీ చదివింది. ముప్పై ఒకటి దగ్గర వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. మూసి ఇచ్చేస్తూ, "ఇరవై రెండులో వెలుగు ఎటునుంచో రాయలేదు" అంది. అంతే.

ఆ రాత్రి టౌనులో మా అత్త దగ్గరే ఉండిపోయాను. ఆదివారం పొద్దున్న బయల్దేరే ముందు నా చేతే కొత్త రీలు వేయించింది. ఈసారి కండె నాలుకని పట్టుకునేదాకా చూశాను. లీవరు తిప్పాను. వేలి కింద సన్నని బరువు తగిలింది, బావిలోంచి నిండు చేద లాగినట్టు. బొడిపె మెల్లగా తిరిగింది.

మేము మా ఊరి బస్‌స్టాపుకి వెళ్ళేసరికి నర్సమ్మ ఇనప పెట్టె మీద కూర్చుని ఉంది. చుట్టూ పదిహేను మంది. మా నాన్న, దర్జీ, మేస్త్రి తల్లి ఉన్నారు. బస్సుకి ఇంకా పావుగంట ఉంది.

"రా అమ్మా. చిరునామా రాసిచ్చాను కదా, ఫోటోలు ఎప్పుడు పంపుతావు?"

అందరూ నా వంక చూశారు. మా అత్త నా వెనక ఒక అడుగు దూరంలో ఆగిపోయింది.

"రాలేదండీ" అన్నాను.

"ఏవి రాలేదు?"

"ఫోటోలు. ఒక్కటి కూడా. నేను రీలు సరిగా వేయలేదు."

"అయ్యో, ఇస్త్రీ చొక్కా వేసుకున్నానే" అన్నాడు దర్జీ. వాళ్ళావిడ అతని చెయ్యి గిల్లింది.

నర్సమ్మ తల దించుకుంది. ఒళ్ళో చేతులు చూసుకుంది. "ఒక్కటి కూడా లేదా" అంది, నాతో కాదు. ఆమె రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. నేను నోట్‌బుక్ రెండు చేతులా అందించాను.

"ఇదేంటి?"

"తీసినవన్నీ ఇందులో రాశానండీ. నిన్నటివి పేజీ మడిచిన చోటినుంచి."

ఆమె మెడలో వేలాడే కళ్ళద్దాలు పెట్టుకుంది. మర్యాదకి తెరిచినట్టే తెరిచింది. మొదటిదాంట్లో ఆసుపత్రి మందుల బీరువా తాళం వేస్తూ ఆమె తాళం చెవి తాడుని వేలికి మూడు చుట్లు చుట్టుకుంది. అది చదివి తన వేలు చూసుకుంది. పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు మెల్లగా వేరే మాటల్లో పడ్డారు. ఆమె మాత్రం చదువుతూనే ఉంది. ఒకచోట ఆగిపోయి తలెత్తింది.

"ఇటుకల ఇంటి దగ్గర. ఆమె చెయ్యి నా మోకాలి మీద ఉందని రాశావు."

"ఉందండీ. మీరు లేచేదాకా ఉంది."

"నాకు తెలియలేదు" అంది నర్సమ్మ. "నేను ఎదురుగా గోడ వంకే చూస్తున్నాను. ఆమె నన్ను ఎప్పటికీ క్షమించదనుకున్నాను."

అంతలో బస్సు వచ్చేసింది. పెట్టె పైకెక్కించారు. ఒకరి తర్వాత ఒకరు ఆమె చెయ్యి పట్టుకున్నారు. నర్సమ్మ నోట్‌బుక్ నాకు తిరిగి ఇవ్వలేదు. ఇవ్వాలని గుర్తొచ్చినట్టు కూడా లేదు, వేలు పేజీలో ఉంచుకునే మెట్లెక్కి కిటికీ పక్కన కూర్చుంది. అందులో మా అమ్మ కూడా ఉంది, నెల రోజుల ఖాళీ ఫోటోలన్నీ ఉన్నాయి. అడగబుద్ధి కాలేదు.

మా అత్త కెమెరా తొడుగు లేసు విప్పి నా చేతికిచ్చింది.

నేను కిటికీకి ఎదురుగా నిలబడి కెమెరా ఎత్తాను. నర్సమ్మ చూసింది. "ఈసారైనా లోపల రీలుందా?" అంది. అందరూ నవ్వారు. ఆమె వెంటనే నిటారుగా కూర్చుంది. జుట్టు సర్దుకుంది. పెదాలు బిగించింది. కార్డు ఫోటోకి కూర్చున్న బడిపిల్లలా అయిపోయింది. ఆ ముఖం ఆమెది కాదు. నిన్న ముప్పై ఇళ్ళలో నేను చూసిన ముఖం అది కాదు.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంజను అదిరింది.

"ఆగండి" అన్నాను. "ఇంకా సిద్ధం కాలేదు."

నా గొంతు అంత దూరం వెళ్తుందని నాకు తెలియదు. డ్రైవరు కూడా తల బయటపెట్టి చూశాడు. "ఇంకెంతసేపమ్మా?"

"ఒక్క నిమిషం ఆగండి."

అతను ఇంజను ఆపేశాడు. మా నాన్న నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. నేను కెమెరా వెనక ఏదో వెతుకుతున్నట్టు తల వంచాను. నర్సమ్మ భుజాలు దిగాయి. సరే, ఈ పిల్ల తెమిలేలోపు అన్నట్టు నోట్‌బుక్ ఎత్తి ముఖం ముందు పెట్టుకుంది. ఒక పేజీ తిప్పింది. ఆమె కళ్ళు గీతల మీద పరుగెత్తాయి, ఒకచోట ఆగాయి, ఇక నవ్వు ఆగలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోబోయింది. అది నోటిని చేరేలోపు నొక్కాను.

లీవరు తిప్పాను. వేలి కింద బరువు తగిలింది. బొడిపె తిరిగింది.

"ఏమ్మా, ఎప్పుడు తీస్తావు?" అంది నర్సమ్మ కిటికీలోంచి.

"తీసేశానండీ."

వెనక మా అత్త ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. దుమ్ము పడిందంది. నిజంగానే దుమ్ము ఉంది.

ఆ ప్రింటు నా చేత్తోనే కడిగాను. చీకటి గదిలో ఎర్ర దీపం కింద, ట్రేలో నీళ్ళలాంటి మందులో తెల్ల కాగితం ఊపుతుంటే ముందు కిటికీ కమ్మీలు వచ్చాయి. తర్వాత అట్ట మీద మా అత్త రాసిన "ఖాళీ ఫోటోలు" వచ్చింది. దాని పైనుంచి రెండు కళ్ళు, సగం నవ్వు, గాల్లో ఆగిన చెయ్యి. నా మొదటి ఫోటో అది.

మా అత్త భూతద్దం పెట్టి చూసింది. "ముఖం సగమే పడింది."

"ఆ సగం చాలనిపించింది అత్తా."

మా అత్త మళ్ళీ చూసింది. కాదనలేదు. స్టూడియో గోడకి ఒకటి తగిలించి, ఇంకొకటి నర్సమ్మకి పంపించమంది.

నెల రోజులకి ఒక కార్డు వచ్చింది. నర్సమ్మ చేతిరాత మందుల చీటీలాగే ఉంది, మా నాన్నా నేనూ కూడబలుక్కుని చదివాం. కొత్త ఆసుపత్రిలో బీరువాకి తాళమే లేదట. ఫోటో మంచం పక్కన గోడకి పెట్టుకుందట. బస్సులో నవ్వింది మేక గురించేనట. పడుకునే ముందు రోజుకొకటి చొప్పున చదువుతోందట, మొన్నటితో ఇరవై రెండు దాకా వచ్చిందట. చివర్లో ఇలా రాసింది. "ఇరవై రెండులో వెలుగు ఎటునుంచి వస్తోందో రాయలేదు. అది లేక నాకు దర్జీ ఇల్లు సరిగా కనిపించడం లేదు. వెంటనే రాయి."

కార్డు పట్టుకుని మెట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. మిషను కనిపించింది. వంచిన తల కనిపించింది. టేపు మీద ఆమె వేళ్ళు కనిపించాయి.

జవాబు ఆ రోజే రాశాను. "ఎడమ పక్క కిటికీలోంచి, నర్సమ్మగారూ. మీరు దానికి వీపు పెట్టి నిలబడ్డారు. మీ చెవుల అంచులు ఎర్రగా వెలుగుతున్నాయి."